పంపు పీకేసి ట్యాంకు ఉంచుకుంటారా?

పాత ఫైర్ ఇంజిన్ కొని నీళ్ల ట్యాంకర్ చేద్దామనే ముచ్చట మా వరంగల్‌లో నాకు తెలిసినవాళ్లు కొందరికి పట్టుకుంది. ఆలోచన మంచిదే. చేసే పద్ధతి చూస్తేనే ఒళ్లు మండుతుంది. బండి షెడ్డుకు రాగానే ముందు వెనకాల పంపు విప్పి తుక్కు కింద అమ్మేస్తారు. ఆ జాగాలో చిన్న డీజిల్ మోటర్ బిగించి, ఇక ఖర్చు తగ్గిందని సంబరం!

అయ్యా, ఆ బండిలో అసలు సొమ్మే ఆ పంపు. ట్యాంకుదేముంది, ఆటోనగర్‌లో అడిగితే ఎవరైనా వెల్డింగ్ చేసిస్తారు. మామూలు వాటర్ టెండర్‌కు, అంటే నీళ్లు మోసే ఫైర్ ఇంజిన్‌కు, 4500 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 1800 లీటర్లు తోసే పంపు ఉంటాయి. రెండున్నర నిమిషాల్లో నిండు ట్యాంకు ఖాళీ. పీటీవో (ఇంజిన్ బలాన్ని పంపుకు మళ్లించే గేరు) వేస్తే బండి ఇంజినే పంపును తిప్పుతుంది. రోడ్డు పనుల దగ్గర దుమ్ము అణచడానికి, డివైడర్ మొక్కలు తడపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

దానికీ హద్దు లేకపోలేదు. కింది నుంచి నీళ్లు పీల్చాలంటే 7 మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. గాలి ఒత్తిడి లెక్క ప్రకారం 10.3 మీటర్లు, కానీ పనిలోకి దిగితే అంత రాదు. ఎండాకాలం మన వ్యవసాయ బావుల్లో నీళ్లు ఎంత లోతుకు పోతాయో మీకు చెప్పాలా? చెరువు, కాలువ, క్వారీ గుంత అయితే బేఫికర్. జాలీ లేని సక్షన్ పైపును బురదలో వేస్తే ఇంపెల్లర్, అంటే పంపు లోపల నీళ్లు తోసే రెక్కల చక్రం, అరుగుతుంది, నీళ్లు లేకుండా తిప్పితే సీలు మాడుతుంది. ఒకాయన అట్లనే సీలు కాల్చుకుని, పంపే దండగ అని నా ముందే తిట్టాడు.

"మీటరు చూడన్నా, ఎంత తక్కువ తిరిగిందో" అని బ్రోకర్ ఊరిస్తాడు. పంపు నడిచేటప్పుడు బండి నిలబడే ఉంటుంది, మీటరు కదలదు, ఇంజిన్ మాత్రం గంటలకొద్దీ రేసులో ఉంటుంది. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటరు ఉంటే అది చూడండి. లేకపోతే మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

ట్యాంకు లోపల నీళ్లు ఊగకుండా అడ్డం పెట్టే బాఫిల్ ప్లేట్లను కూడా కోసేస్తున్నారు, ట్యాంకు కడగడానికి అడ్డమట. సగం ట్యాంకు అంటే రెండు టన్నులకు పైనే నీళ్లు. జాతరకు పస్రా దాటి మేడారం పోతుంటే మలుపులో ఆ నీళ్లన్నీ ఒక పక్కకు కొడితే స్టీరింగ్ పట్టుకున్నోడి గతేంది?

ఫోమ్ (మంటలార్పే నురగ మందు) వాడిన బండి అయితే తాగే నీళ్ల జోలికి పోవద్దు. ఎంత కడిగినా నేనైతే ఆ నీళ్లు ఇంట్లోకి రానివ్వను.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి తుక్కుకే పోవాలి. చవగ్గా వస్తుందని అలాంటిది కొంటే షెడ్డులో పెట్టుకుని చూసుకోవడమే. ప్రైవేటు ఫ్యాక్టరీలు అమ్మే బండ్లు వెతకండి. మార్పులకు ఆర్టీఏ అనుమతి తీసుకోండి, సైరన్ పీకేయండి. సైరన్ ఉంచుకుందామని మా బావమరిది గోల. చలాన్ తనే కట్టుకుంటాడట!