చెత్త కావలెను

మా అమ్మాయి చదువుతున్న ఉన్నత పాఠశాల నుంచి మొన్న ఇంటికి వచ్చిన తాఖీదును నేను మూడుసార్లు చదివాను. పర్యావరణ వారోత్సవాలను పురస్కరించుకొని తొమ్మిదో తరగతి విద్యార్థులందరూ సోమవారం ఉదయానికల్లా తలా 20 ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తీసుకురావలెననీ, అవి ఒకే కొలతవి, ఒకే రంగు మూతలు గలవి అయి ఉండవలెననీ, చీటీలు ఊడదీసి, శుభ్రంగా కడిగి, ఎక్కడా సొట్ట పడకుండా అప్పగించవలెననీ, ఈ ప్రాజెక్టుకు మార్కులు గలవనీ అందులో ఉంది. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. రెండోసారి, ఎవరో గడుసు ఉపాధ్యాయుడు పిల్లల తెలివిని పరీక్షిస్తున్నాడని అనుకొని సంతోషించాను. మూడోసారికి గాని అసలు సంగతి తలకెక్కలేదు. మా ఇంట్లో సరిపడినంత చెత్త లేకపోవడం మా అమ్మాయి చదువుకు ఆటంకమై కూర్చుంది.

తప్పు పూర్తిగా మాదేనని ఒప్పుకుంటున్నాను. బయటికి వెళ్లేటప్పుడు స్టీలు సీసాలో నీళ్లు పోసుకొని వెళ్లే దురలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. దాని పర్యవసానం ఏమవుతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు పీకల మీదికి వచ్చింది. “మా ఇంట్లో ఖాళీ సీసాలు లేవని చెప్పకూడదా అమ్మా?” అని అడిగాను. “చెబితే టీచర్ నమ్మరు నాన్నా, బద్ధకించి తేలేదనుకుంటారు. ఇప్పటికే ఒకమ్మాయి అలా చెబితే, పర్యావరణం మీద శ్రద్ధ లేదని డైరీలో రాశారు” అంది. పర్యావరణం మీద శ్రద్ధ ఉన్నవాడు చెత్త పోగుచేయాలి, పోగుచేయడానికి చెత్త లేనివాడు కొనాలి, కొనలేనివాడు భూమాతకు ద్రోహి. తర్కం ఇంత చక్కగా అమరాక తల్లిదండ్రులు చేయగలిగిందేముంది? కొన్నాం. 24 నీళ్ల సీసాల కట్ట ఒకటి భుజాన వేసుకొని దుకాణంలోంచి వస్తుంటే, అదే కొలత, అదే నీలిరంగు మూతల కట్టలతో మరో ముగ్గురు తండ్రులు ఎదురయ్యారు. దొంగసొత్తు పట్టుకున్నవాళ్లలా ఒకరి ముఖం ఒకరం చూడకుండా తప్పుకున్నాం.

ఆదివారం రాత్రి మా వంటింట్లో జరిగిన క్రతువును వర్ణించకుండా ఉండలేను. సీసాలు ఖాళీ కావాలంటే నీళ్లు ఎక్కడికో పోవాలి. మొదట ఇంటిల్లిపాదీ దాహం లేకుండానే తలా ఒక సీసా తాగాం. మా అమ్మగారు రెండో సీసా సగంలో ఉండగా, “ఈ వయసులో ఇదేం చదువురా నాకు?” అని చేతులెత్తేశారు. తరువాత గిన్నెలు నింపాం, చెంబులు నింపాం, బకెట్లు నింపాం, కుండీల్లో మొక్కలకు పోశాం. వాటికి సాయంత్రమే నీళ్లు పెట్టి ఉండడం వల్ల అవి కూడా మా అమ్మగారిలాగే నిరాకరించి, వరండా అంతా వరద చేశాయి. మిగిలింది నిక్షేపంగా సింకులో పారబోశాం. ఇక చీటీలు. ఆ జిగురు ఎంత నిబద్ధత గలదంటే, వేడినీళ్లకు లొంగలేదు, సబ్బుకు లొంగలేదు, చివరికి నెయిల్ పాలిష్ తుడిచే మందు పెట్టి గీకితే గాని ఊడలేదు. రాత్రి పదకొండున్నరకు, రెండు గంటల కిందటే కట్ట విప్పిన సరికొత్త సీసాలను ‘వ్యర్థాలు’ అనే పవిత్రమైన హోదాలోకి మార్చగలిగాం. ఈ హడావుడిలో ఒక సీసా మీద నా మోకాలు పడి నలిగింది. నలిగినది ప్రదర్శనకు పనికిరాదు కనుక దాన్ని చెత్తబుట్టలో వేశాం. ఆ రాత్రి మా ఇంట్లో నిజంగా చెత్త అనదగినది అదొక్కటే, చెత్త ప్రాజెక్టుకు పనికిరానిది కూడా అదొక్కటే.

తరగతిలో 40 మంది. తలకు 20 చొప్పున 800 సీసాలు. అందులో కొన్నయినా నిజంగా వాడి పారేసినవి ఉండి ఉంటాయని నా మనసుకు సర్దిచెప్పుకోబోయాను గాని, సోమవారం పాఠశాల వసారాలో బారులు తీరిన ఆ 800 నీలిరంగు మూతలను చూశాక ఆ ఆశ కూడా వదులుకున్నాను. గోవును చంపి చెప్పులు దానం చేశాడని సామెత. ఇక్కడ చెప్పులు దానం చేయడానికని పనిగట్టుకొని గోవును కొనుక్కొచ్చారు.

ఆ సీసాలతో పిల్లలు వారం రోజుల పాటు చదువు మానేసి ఒక మహాకూర్మాన్ని నిర్మించారు. సముద్రంలో ప్లాస్టిక్ తిని ప్రాణాలు వదులుతున్న తాబేలుకు ప్రతీక అది. దాని డొప్ప సీసాలతో, కళ్లు థర్మాకోల్‌తో, కన్నీళ్లు వేడి జిగురుతో చేశారు. పైన ఆకుపచ్చ స్ప్రే పెయింటు కొట్టి, సముద్రపు తళుకు రావడానికి డబ్బాలకొద్దీ గ్లిట్టర్ చల్లారు. విడిగా చల్లే ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో ఆపించింది. అవి చేతికి చిక్కని ప్లాస్టిక్ రేణువులనీ, ఒకసారి నేలమీదా నీటిలోనూ కలిస్తే ఏరడం ఎవరి తరమూ కాదనీ దానికి కారణం. ప్లాస్టిక్ వల్ల చచ్చిపోతున్న తాబేలును ప్లాస్టిక్ పొడితో అలంకరించడంలో ఉన్న కవిత్వం ఆ సమాఖ్యకు అందినట్టు లేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది పాఠశాల. నీళ్ల సీసా అడుగున త్రికోణంలో 1 అనే అంకె ఉంటుంది. అది పెట్ అనే ప్లాస్టిక్. నిజంగా రీసైక్లింగుకు పనికొచ్చి, కొనేవాళ్లు కూడా ఉన్న కొద్ది రకాల్లో అదొకటి. ఖాళీ సీసాను ఉన్నదున్నట్టు అప్పగిస్తే కరిగి మరో సీసాగానో, బట్టల్లో వాడే పాలిస్టర్ దారంగానో మారే అవకాశం ఉంది. అదే సీసాకు జిగురు పూసి, రంగు కొట్టి, గ్లిట్టర్ అద్ది, 6వ నంబరు థర్మాకోల్‌తో అతికించాక దాన్ని తీసుకునే నాథుడు ఉండడు. అంటే మా పాఠశాల వారంరోజులు శ్రమించి, రీసైకిల్ కాగల 800 వస్తువులను ఏ జన్మకూ రీసైకిల్ కాని ఒకే ఒక్క వస్తువుగా మార్చింది. ఇంతటి ఫలితాన్ని ఇంత తక్కువ కాలంలో ఏ కర్మాగారమైనా సాధించగలదా?

ప్రదర్శన ద్వారం మీద మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తును ఆరడుగుల ఎత్తున థర్మాకోల్‌తో చెక్కి నిలబెట్టారు. ఆ గుర్తు పుట్టింది కూడా విద్యార్థుల పోటీలోనే. 1970లో ఒక అమెరికా అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీకి గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల కుర్రవాడు ఆ బొమ్మ గీసి బహుమతి గెలిచాడు. కాగితానికి పుట్టిన ఆ గుర్తును పోలిన బాణాల త్రికోణంలో, 1988లో అక్కడి ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం 1 నుంచి 7 వరకు అంకెలు కూర్చింది. అంకె చెప్పేది ఆ వస్తువు ఏ రకం ప్లాస్టిక్ అని మాత్రమే. బాణాలు చూసిన జనం మాత్రం అన్నీ రీసైకిల్ అవుతాయని నమ్మారు, నమ్మనిచ్చారు. 2013లో ఆ గుర్తుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టమంది గాని, అప్పటికే ఒక తరం మోసపోయింది. 2015 నాటికి లోకం పారేసిన మొత్తం ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయినది దాదాపు 9 శాతమేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఈ 9 అనే అంకె ప్రదర్శనలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని గోడలన్నీ వెతికాను. ‘రీసైకిల్ చేద్దాం, భూమిని కాపాడుకుందాం’ అని పదకొండు చోట్ల కనిపించింది.

ముఖ్య అతిథి గారి సంగతి ఎక్కువ చెప్పను. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని రాసిన ప్లాస్టిక్ ఫ్లెక్సీ కింద కూర్చొని, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పూలగుత్తి అందుకొని, 1972 నాటి స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు దగ్గర మొదలుపెట్టి వర్తమానం చేరుకునేలోపు ముందున్న సీసాలోంచి రెండు గుక్కలు తాగి, మిగిలినది అక్కడే వదిలి వెళ్లారు. వేదిక మీద అలాంటి సీసాలు తొమ్మిది మిగిలాయి. వాటిని తాబేలుకు వాడుకోవచ్చు కదా అనిపించింది గాని, మూతలు తెల్లవి.

కంపోస్టు గుంట గురించి కూడా క్లుప్తంగానే ముగిస్తాను. పోయినేడు తవ్వారు, ఫోటో తీశారు, భోజనశాలలో మిగిలిన మెతుకులన్నీ తెచ్చి పోశారు. కుళ్లే పదార్థంలో ఒక వంతు నత్రజనికి సుమారు 25 నుంచి 30 వంతుల కర్బనం ఉండేటట్టు ఎండుటాకులు కలపాలనీ, గాలి ఆడేటట్టు తిరగేస్తుండాలనీ వాళ్ల సైన్సు ల్యాబులో అడిగినా చెప్పేవారు. ఎవరూ అడగలేదు. వాసన ప్రిన్సిపాల్ గారి గది కిటికీ దాకా వచ్చిన రోజున పూడ్చేశారు. బోర్డు మాత్రం ఇంకా ఉంది.

రంగురంగుల చెత్తడబ్బాలు మాత్రం గట్టి పనితనం. నీలంలో కాగితం, పసుపులో ప్లాస్టిక్, పచ్చలో ఆహారం. ఒక్కో డబ్బా మూతమీద మూడు రంగుల రంధ్రాలు, మూడు బొమ్మలు. పిల్లలు తినేసిన అరటితొక్క పట్టుకొని రెండు క్షణాలు ఆలోచించి మరీ సరైన రంధ్రంలో వేస్తుంటే నాకు ముచ్చటేసింది. సాయంత్రం పారిశుధ్య కార్మికుడు వచ్చి మూత ఎత్తాడు. లోపల ఉన్నది ఒకటే సంచి. “ఇదేమిటయ్యా?” అని అడిగితే, “వచ్చేది ఒకటే బండి సార్” అన్నాడు. ఆ రోజంతా ఆ ప్రాంగణంలో నేను విన్న నిజమైన మాట అదొక్కటే.

కాదు, ఇంకొకటి ఉంది. మెట్ల కింద, మూత్రశాలలకు వెళ్లే దారిలో ఒక బల్ల వేసి ఇద్దరు పిల్లలను నిలబెట్టారు. వాళ్లు సీసాలతో బొమ్మ చేయలేదు. రెండు వారాలపాటు బడి ముగిశాక చేతులకు గ్లౌజులు తొడుక్కొని, పాత దుప్పటి పరిచి, పాఠశాల చెత్తను కుమ్మరించి, రకాలుగా విడదీసి తూకం వేశారు. ఏ రోజు ఏ గది నుంచి ఏమి ఎంత వచ్చిందో, ఒకవైపు అచ్చయి పారేసిన కాగితాల వెనకవైపే పట్టికలు గీశారు. పిల్లల సంచుల్లోంచి వచ్చే చెత్త కన్నా కార్యాలయం నుంచి వచ్చే కాగితమూ, భోజనశాల నుంచి వచ్చే ఒకసారి వాడి పారేసే చెంచాలు, కప్పులూ ఎక్కువని తేల్చారు. ఆ కాగితాల్లో 20 సీసాలు తెమ్మన్న తాఖీదు తాలూకు అదనపు ప్రతులు కూడా ఉన్నాయి. రెండువైపులా అచ్చు వేయాలి, కడుక్కొనే చెంచాలు పెట్టాలి అని అడుగున రెండు పంక్తుల్లో రాశారు. న్యాయనిర్ణేతలు వచ్చి, “మోడల్ ఎక్కడ?” అని అడిగారు. మోడల్ లేదండీ, లెక్కలు ఉన్నాయని పిల్లలు చెప్పారు. ఆకర్షణీయత అనే గడిలో సున్నా వేశారు. మరునాటికి ఆ చివరి రెండు పంక్తుల మీద తెల్లకాగితం అతికించి ఉంది. సంస్థ కొనుగోళ్ల విషయం విద్యార్థుల పరిధిలోకి రాదట.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పద్నాలుగేళ్ల పిల్లలు, ఎవరూ చెప్పకుండా, మురికిలో చేతులు పెట్టి నిజం వెలికితీస్తే, దాని మీద కాగితం అతికించడానికి మీకు చేతులెలా వచ్చాయి? మీరు రాయించిన ప్రతి పోస్టరు మీదా తగ్గించడం, తిరిగి వాడడం, రీసైకిల్ చేయడం అనే మూడు మాటలు ఆ వరసలోనే ఉన్నాయి. మొదటి మాటను పాటించిన పిల్లలకు శ్రద్ధ లేదని డైరీలో రాశారు. రెండో మాటను పాటించి పాత కాగితం వాడినవాళ్లకు ఆకర్షణ లేదన్నారు. మూడోదాన్ని జిగురు పోసి చంపి, దానికి మొదటి బహుమతి ఇచ్చారు. కొనుగోలు పత్రం మీద సంతకం పెట్టే పెద్దమనిషిని ఏమీ అడగకుండా, భూమి బరువంతా తెచ్చి సీసా తేలేని పిల్ల నెత్తిన పెట్టారు. ఈ బడిలో పిల్లలు పర్యావరణం నేర్చుకోలేదని ఎవరూ అనవద్దు. పెద్దవాళ్లు ఎలా అబద్ధమాడతారో, ఫోటోలో నిలబడితే సరిపోయే పనులేవో, ఏ లెక్కలు చెబితే మెట్ల కిందికి పోతారో శ్రద్ధగా నేర్చుకున్నారు. మా అమ్మాయి కూడా నేర్చుకుంది. వచ్చే ఏడాదికి ఇప్పటినుంచే సీసాలు దాచుకుందామా నాన్నా అని అడిగింది.

ప్రదర్శన ముగిసిన నాలుగో రోజు సాయంత్రం తనను తీసుకురావడానికి వెళ్లినప్పుడు, షెడ్డు వెనక ఆ కార్మికుడే తాబేలును బండి దగ్గరికి ఈడ్చుకొస్తున్నాడు. దాని కాలికి మొదటి బహుమతి రిబ్బను ఇంకా వేలాడుతోంది. అడ్డంగా పెట్టి చూశాడు, నిలువుగా పెట్టి చూశాడు, బండిలో పట్టలేదు. రంపం తెచ్చి మెడ దగ్గర కోసి, తలను డొప్ప కింద ఇరికించాడు. తరువాత కుళాయి దగ్గర చాలాసేపు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. గ్లిట్టర్ పోలేదు.