10, 31, 33: ఒకే ప్రశ్నకు మూడు జవాబులు

మా పిన్ని కూతురు గ్రూప్-2కు చదువుతోంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూం తీసుకుని కోచింగ్‌కు పోయే స్తోమత ఇంట్లో లేదు. ఊళ్లోనే ఉండి, ఫోన్‌లో ఆంకీడ్రాయిడ్ వేసుకుని చదువుకుంటోంది. అది ఆంకీ అనే యాప్‌కు ఆండ్రాయిడ్ రూపం, ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు ఉన్న కార్డులను మనం మరిచిపోయే సమయానికి మళ్లీ తెచ్చి చూపిస్తుంది. పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది.

"అన్నా, తెలంగాణల జిల్లాలెన్ని?"

33 అన్నాను.

"అది నాకు తెల్సు. పొద్దున కార్డుల 10 అని వచ్చింది. ఇప్పుడు 31 అని వస్తున్నది. 33 అని ఇంకోటున్నది. ఇది తెల్సింది కాబట్టి పట్టుకున్న. తెల్వనియి ఎన్ని తప్పులున్నయో నేనెట్ల పట్టుకోవాలె?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ పోస్ట్ అందుకే రాస్తున్నా.

ఆమె దగ్గరున్నది ఎవరో గ్రూపులో పెట్టిన "అన్నీ కలిపిన" ఫైల్. నాలుగైదు చోట్ల నుంచి ప్రశ్నలూ జవాబులూ తెచ్చి ఒకే డెక్‌లో (కార్డుల కట్టలో) పోశారు. 12,000 కార్డులు. అంత పెద్ద అంకె చూడగానే సిలబస్ మొత్తం చేతికొచ్చినట్టు అనిపిస్తుంది. కానీ ఆంకీ మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు చూపిస్తుంది. ఆ లెక్కన అన్నీ ఒక్కసారి కంటపడటానికే 600 రోజులు కావాలి. నోటిఫికేషన్ పడ్డాక 600 రోజులు ఎవరికుంటాయి?

ఆ మూడు జవాబులూ ఎక్కడివో చూద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాలు 10. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. అంటే రాసిన రోజున మూడు కార్డులూ నిజమే. ఏ కార్డు మీదా అది రాసిన తేదీ లేదు, అంతే. రాజ్యాంగం 8వ షెడ్యూల్ భాషలదీ ఇదే కథ. 1992 సవరణ తర్వాత 18, 2003లో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ చేరాక 22. ప్రాథమిక విధులు 1976లో 10, 2002లో 11. పాత గైడు చూసి ఎక్కించిన సెట్టునూ కొత్త సెట్టునూ కలిపితే ఇలాంటివన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి. ఆంకీకి వాటిలో ఏది సరైనదో తెలియదు. రెండింటినీ అంతే శ్రద్ధగా, సరిగ్గా మరిచిపోయే సమయానికి తెచ్చి చూపిస్తుంది. తప్పు జవాబును కూడా బుర్రలో గట్టిగా పాతేస్తుంది. పుస్తకంలో తప్పు ఒకసారి చదివి మర్చిపోతాం. ఇక్కడ మర్చిపోనివ్వదు.

"డూప్లికేట్లు సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. అది చూసేది కార్డు మొదటి గడిలోని, అంటే ప్రశ్న రాసేచోటి అక్షరాలు అచ్చం ఒకేలా ఉన్నాయా లేదా అని మాత్రమే. ఒకరు "ఆర్టికల్" అని, ఒకరు "అధికరణ" అని, ఇంకొకరు "ప్రకరణ" అని రాస్తే అవి దానికి మూడు వేర్వేరు ప్రశ్నలు. పంచాయతీ, పంచాయితీ కూడా అంతే. తెలుగు టైపింగ్‌లో ఇంకో చిక్కుంది. "ఆర్టికల్‌లో" అని రాసేటప్పుడు ల్ కిందికి ఒత్తు రాకుండా కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాం. ఒక సెట్టులో అది పదం చివర కూడా మిగిలిపోయి, ఇంకో సెట్టులో లేకపోతే, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పోల్చి చూస్తే మాత్రం వేరు.

ఇక రెండో వైపు. బిట్ బ్యాంకులన్నిటిలో "కింది వాటిలో సరికానిది ఏది?" అనే ప్రశ్న ఉంటుంది. ఎక్సెల్ షీట్‌లో ఆ వాక్యం మొదటి గడిలో, ఆప్షన్లు రెండో గడిలో పెట్టి ఎక్కిస్తే, అలాంటివన్నీ ఒకే ప్రశ్న అని ఆంకీ అనుకుంటుంది. నేను రెండో ఫైల్ ఎక్కించినప్పుడు మొదటి ఫైల్‌లోని కార్డు మీది జవాబు నాకు చెప్పకుండానే మారిపోయింది. ముందు బ్యాకప్ తీసుకున్నాను కాబట్టి బయటపడ్డాను. నిజంగా ఒకటైనవాటిని విడదీసి, విడిగా ఉండాల్సినవాటిని ఒకటి చేసే పని మనిషి కన్ను పడకుండా ఎలా వదిలేస్తాం?

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వేరే. ఆ ఫైల్ చేసిన వ్యక్తి తన చదువు చరిత్రతో సహా ఎక్స్‌పోర్ట్ చేశారు. అంటే ఆయన ఏ కార్డును ఎన్నిసార్లు చూశారు, మళ్లీ ఎన్ని రోజులకు రావాలి అనేదంతా మా చెల్లి ఫోన్‌లోకి వచ్చేసింది. ఆమె ఒక్కసారి కూడా చూడని కార్డులు "నాలుగు నెలల తర్వాత" అని కూర్చున్నాయి. అవి బయటికొచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. తను రోజూ పూర్తి చేస్తున్నాననే నమ్మకంతో చదువుతోంది పాపం. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు షెడ్యూలింగ్ దగ్గర టిక్ తీసేస్తే చాలు, ఇది జరగదు. ఇంపోర్ట్ చేసుకునేవాళ్లు కూడా కొత్త వెర్షన్లలో ఆ టిక్ చూసుకోవచ్చు.

కలపొద్దని నేననడం లేదు. నేనూ కలిపాను, నా పాలిటీ డెక్, ఎకానమీ డెక్, తెలంగాణ ఉద్యమ చరిత్ర డెక్. విడివిడిగా చదివితే ఏ డెక్‌లో ఉన్నామో తెలిసి జవాబు సగం ముందే తడుతుంది. పరీక్ష హాల్లో ఆ సాయం ఉండదు. అందుకే కలిపాను. దానికి ఎక్స్‌పోర్టూ ఇంపోర్టూ అక్కర్లేదు. ఆంకీలోనే కార్డులన్నీ జాబితాగా చూపే బ్రౌజర్‌లో వాటిని సెలెక్ట్ చేసి డెక్ మార్చితే చాలు, చదివిన చరిత్ర చెక్కుచెదరదు. మార్చే ముందే ఒక్కో డెక్‌కు ట్యాగ్ వేశాను. రేపు ఎకానమీ మాత్రమే తిరగేయాలంటే ఆ ట్యాగ్‌తో పిలుచుకుంటాను. పది నిమిషాల్లో అయిపోయింది.

కష్టమైన కలపడం ఇతరుల సెట్లది. మా చెల్లీ నేనూ ఆ 12,000 ఫైల్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, కొత్త డెక్‌లోకి ఒక్కో టాపిక్ తెస్తున్నాం. ముందు జిల్లాలు. 10, 31 ఉన్న కార్డులను తీసేద్దామంది తను. వద్దన్నాను. ప్రశ్నలు మార్చాం. "రాష్ట్రం ఏర్పడిన రోజున తెలంగాణలో జిల్లాలు ఎన్ని?", "2016 అక్టోబర్ 11న ఎన్ని అయ్యాయి?", "2019 ఫిబ్రవరి 17న చేరిన రెండు జిల్లాలు ఏవి?" కొట్టుకుంటున్న మూడు కార్డులు మూడు మంచి ప్రశ్నలయ్యాయి. ఈ పని ఏ బటనూ చేయదు. చదివి, ఆలోచించి, తిరగరాయాలి. ఆ తిరగరాయడంలోనే సగం గుర్తుండిపోయిందని తనే చెప్పింది.

ఫైళ్లు పంచే అన్నలకూ అక్కలకూ నాదొక విన్నపం. మీరు ఉచితంగా ఇస్తున్నారు, మంచి మనసుతో ఇస్తున్నారు, కాదనను. కానీ దాన్ని తీసుకునేది ఎక్కువగా కోచింగ్‌కు పోలేనివాళ్లు. తప్పు దొరికితే అడగడానికి పక్కన సార్ ఉండరు. కార్డులో ఇంకో గడి పెట్టి ఆ జవాబు ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో రాయండి. మీరు చదవని కార్డు ఇవ్వకండి. 12,000 బదులు 900 ఇవ్వండి, ఆ 900కూ మీరు పూచీ పడండి.

మేమిద్దరం ఇప్పటికి 640 కార్డులు చేశాం. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. 8వ షెడ్యూల్ కార్డుకు ఆమే తేదీ వెతికి రాసిందట. 1967లో సింధీ చేరిన సంగతి నా కార్డులో లేదని, అది కూడా కలపమంది.