కథ నిడివిని తేల్చేది కథకుడి వారమే

తెలుగులో నవలలు ఎందుకు రావడం లేదని ఏ సభకు వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు. పాఠకులు తగ్గారనీ, చేతుల్లోకి ఫోన్లు వచ్చాయనీ, పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదనీ జవాబు చెబుతుంటాం. అవన్నీ నిజాలే. కానీ నా దృష్టిలో అసలు జవాబు గోడ మీది క్యాలెండరులో ఉంది. కథో నవలో రాసే మనిషికి వారంలో ఎన్ని గంటలు చేతికి దొరుకుతున్నాయో లెక్క వేయండి. మన సాహిత్యం పొడవూ లోతూ చాలావరకు అక్కడే తేలిపోతాయి.

నా లెక్క చెబుతాను. విజయవాడలో ఉద్యోగం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే ఆరింటిదాకా సమయం నాది. అందులో పావుగంట నిన్న రాసింది చదువుకోవడానికే పోతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరు గంటలు మిగిలితే గొప్ప. శనివారం ఇంటి పనులది. ఆదివారం పొద్దున మరో నాలుగు గంటలు. మొత్తం పది. పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, మార్చి నెల లెక్కలు వచ్చాయంటే అవీ ఉండవు. పది గంటల్లో ఒక చిన్న కథ మొదటి ప్రతి అవుతుంది. మూడుసార్లు తిరగరాస్తే నెల గడుస్తుంది. నవల అలా కాదు. రెండు మూడేళ్లపాటు అవే పది గంటలను ఒకే ఊరి మీద, ఒకే ఇంటి మనుషుల మీద పెట్టాలి. మధ్యలో రెండు వారాలు ఎడం వస్తే ఆ మనుషుల గొంతులు చెవిలోంచి జారిపోతాయి. మళ్లీ పలకరించి దగ్గర చేసుకోవడానికి ఇంకో వారం కావాలి.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. తెలుగు కథను నిలబెట్టినవాళ్లలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ రాసినవాళ్లే. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. కాళీపట్నం రామారావు అదే ఊళ్లో లెక్కల మాస్టారు. మధురాంతకం రాజారాం చిత్తూరు జిల్లాలో బడిపంతులు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మద్రాసులో చందమామ పని చూశారు. కోర్టు వరండా లేకపోతే రావిశాస్త్రి మనుషులు మనకు తెలిసేవారు కారు. కాబట్టి ఉద్యోగం శత్రువని నేను అనను.

అయితే వాళ్లకు ఉండి మనకు లేనిది ఒకటుంది. అది వారపత్రిక. శంకరమంచి సత్యం ఆకాశవాణి ఉద్యోగి. 1970ల నడుమ ఆంధ్రజ్యోతి వారపత్రికలో అమరావతి కథలను వారం వారం రాస్తూ నూరు పూర్తిచేశారు. 1979లో వాటికి రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ నూరు కథల వెనుక ప్రతిభ ఎంత ఉందో, తప్పనిసరిగా వచ్చి తలుపు తట్టే గడువు కూడా అంత ఉందని నా నమ్మకం. 1960, 70 దశకాల్లో సీరియల్ నవలలు రాసిన రచయిత్రుల సంగతీ అంతే. ఇంటెడు చాకిరీ మధ్య వాళ్లు వారం వారం ప్రతి పంపగలిగారంటే, ఆ గడువుకు ఇంట్లో కూడా ఒక విలువ ఉండేది. ‘రేపటికి ఇవ్వాలి’ అనే మాటకు ఇంటివాళ్లు కాస్త తగ్గేవారు, గది తలుపు కాసేపు మూసుకునేది. ఇవాళ నేను ఎవరికీ రేపటికి ఇవ్వనక్కర్లేదు. అందుకే నా గంటలను ఎవరైనా తీసుకోవచ్చు. 2020 లాక్‌డౌన్ తర్వాత వారపత్రికల సంఖ్య ఇంకా పడిపోయింది, ఆదివారం అనుబంధాలు పలచబడ్డాయి. మిగిలిన చోట ఒక్క కథకు స్థలం. ‘పదిహేను వందల పదాలు మించరాదు’ అనే నిబంధన పోటీ ప్రకటనల్లో అలవాటైపోయింది. పది గంటల వారానికి ఆ కొలత సరిగ్గా సరిపోతుంది. మన కథ ఆ అచ్చులోనే గట్టిపడిపోతోంది.

ఇక తిండి. కథకుడి వారంలో తిండిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను తీసుకుంటాను. ఆదివారం రాత పని అయ్యాక మా వీధి మలుపులో టిఫిన్ బండి దగ్గరికి వెళతాను. పెద్ద ఇడ్లీ పాత్ర మూత తీయగానే ఆవిరి ఎదుటి మనిషిని కప్పేస్తుంది. పళ్లెం గుంతల మీద పరిచిన తడి గుడ్డను బండి నడిపే ఆవిడ రెండు చేతులా పట్టుకుని తిరగేస్తుంది, ఇడ్లీలు ఒక్కటీ విరగకుండా ఊడి పడతాయి. పల్లీ చట్నీ, అల్లం చట్నీ, అడిగితే కారప్పొడి మీద చెంచాడు నెయ్యి. అక్కడికి ఒక తాపీమేస్త్రి, అతని భార్య వస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లేటు, నాలుగు ఇడ్లీలు. అతను రెండు తింటాడు. ఆమె రెండూ కట్టించుకుంటుంది. అరటాకు ముక్క, దాని మీద పత్రిక కాగితం, పైన దారం. ఎవరి కోసమో నాకు తెలియదు, అడగలేదు. నాలుగు వారాలుగా ఆ రెండు ఇడ్లీల మీదే ఒక కథ రాస్తున్నాను.

ఒక ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు గిన్నె అడుగున మిగిలింది తింటారు, ఎవరు తిన్నామని అబద్ధం చెబుతారు అన్నది తెలిస్తే ఆ ఇంటి కథ సగం తెలిసినట్టే. కానీ పత్రికల్లో వస్తున్న కథలు చూడండి. ఏ ఊరివాళ్లయినా, ఏ పని చేసేవాళ్లయినా కాఫీ తాగుతూనే కనిపిస్తారు. సీమలో సంగటి ముద్ద, పాలమూరులో జొన్నరొట్టె, కూలికి పోయే ఇంట్లో చద్దన్నం, పచ్చిమిరపకాయ కథలోకి రావడం తగ్గింది. రాసేవాడి బల్ల మీదున్న గ్లాసే పాత్ర చేతిలోకి వెళుతోంది. రచయిత వారమంతా ఇల్లు, ఆఫీసు మధ్యే తిరిగితే జరిగేది ఇదే.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నా పది గంటలు నాకు ఉత్తినే రావడం లేదు. నాలుగున్నరకు నేను లేచినప్పుడు నన్నెవరూ టిఫినేమిటని అడగరు. అదే వేళకు లేచిన రచయిత్రికి పిల్లల క్యారేజీలు ఎదురు చూస్తుంటాయి. మా ఇంట్లో ఆదివారం వంట నేను చేయడం మొదలుపెట్టాక, పప్పు ఉడికే వేళలో, కూర మాడకుండా చూసుకునే వేళలో ఒక్క వాక్యమూ తలలో నిలవదని తెలిసింది. సీరియల్ నవలలను చిన్నచూపు చూసే విమర్శకులు అవి ఏ గంటల్లో రాసినవో ముందు ఆలోచించాలి.

రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా చూడటం. ఓటీటీలో తెలుగులోకి డబ్బింగ్ అయిన మలయాళ సినిమాలు ఇష్టంగా చూస్తాను. ఎక్కడ సన్నివేశం ఆపాలో వాటినుంచి నేర్చుకున్నాను. అయితే ఈ మధ్య కొత్త కథలు కొన్ని చదువుతుంటే సినిమా కోసం రాసుకున్న సన్నివేశాల్లా అనిపిస్తున్నాయి. సంభాషణ, ఒక మలుపు, ఇంకో చోట సంభాషణ. తెర మీద నటి మౌనంగా కిటికీలోంచి చూస్తే చాలు, మనకు అర్థమవుతుంది. కాగితం మీద ఆ మౌనాన్ని వాక్యమే మోయాలి. ఆ పని వదిలేస్తే మిగిలేది సారాంశం. అమరావతి కథలను శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కు హిందీ సీరియల్‌గా తీశారు. తెరను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు కాబట్టే తీయడానికి వాటిలో అంత దొరికిందని నాకనిపిస్తుంది.

చదువు చివరికి మిగిలిపోతుంది. బస్సులో ముప్పావు గంట, అదీ సీటు దొరికితే. నెలకోసారి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాలు, ఏలూరు రోడ్డు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనందరం కడుతున్నాం. ఆ డబ్బుతో ఏటా కొత్త కథల పుస్తకాలు క్రమం తప్పకుండా కొని శాఖా గ్రంథాలయాలకు పంపితే, అయిదు వందల ప్రతులు వేసి ఇంట్లో మంచం కింద దాచుకునే అవస్థ రచయితకు తప్పుతుంది. ఆ వచ్చిన డబ్బుతో నాలాంటివాడు ఏడాదికి ఒక నెల జీతం లేని సెలవు పెట్టగలడు. నెలంటే రోజుకు ఆరు గంటల చొప్పున నూట ఎనభై గంటలు. పది గంటల లెక్కన అది నాకు పద్దెనిమిది వారాలు. నవల మొదలవ్వాలంటే అలాంటి నెలలు కావాలి. పత్రికలు కూడా పారితోషికంతో పాటు ఒక తేదీ ఇవ్వాలి. ఫలానా వారానికి మీ కథ కావాలని ముందుగా అడిగే సంపాదకుడు ఉంటే, ఇంట్లో ఆ మాట మళ్లీ చెల్లుతుంది.

మొన్న ఆదివారం బండి దగ్గరికి మేస్త్రి రాలేదు. ఆమె ఒక్కతే వచ్చింది. నాలుగు ఇడ్లీలూ కట్టించుకుంది, చట్నీ రెండు కవర్లలో వేయమంది, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి గబగబా వెళ్లిపోయింది. నేను రాసిన కథ ఇప్పుడు మొదటి పేజీ నుంచి మార్చాలి. వచ్చే నాలుగు వారాలూ దానికే.