కోరం లేనిదే రైడ్ లేదు

థీమ్ పార్కులు కట్టేవాళ్ళకు మనుషుల లెక్క వచ్చు, కుటుంబాల లెక్క రాదు. ఒక మనిషి ఒక క్యూలో నిలబడి, ఒక సీట్లో కూర్చుని, ఒక గేటులోంచి బయటికి పోతాడన్న దురభిప్రాయం మీదే వాళ్ళ ఏర్పాట్లన్నీ నడుస్తుంటాయి. పదకొండు మంది, నాలుగు తరాలు, ఒక వీల్‌చైర్, పిల్లల్ని తోసుకెళ్ళే రెండు స్ట్రోలర్లతో మొదటిసారి వచ్చిన కుటుంబం అలా కదిలే జీవి కాదు. అదొక సభ. సభకు తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం, అంటే కనీస హాజరు కావాలి, కోరం కుదిరే వేళకి ఎవరో ఒకరు బాత్‌రూమ్‌కి వెళ్ళి ఉంటారు. ఇంత మౌలికమైన సూత్రాన్ని పట్టించుకోకుండా పొద్దున్నే ఠంచనుగా గేట్లు తెరవడం యాజమాన్యం చేసే మొదటి తప్పు.

తెరిచాక వచ్చే మొదటి గంటలోనే క్యూలు అన్నిటికన్నా చిన్నవిగా ఉంటాయి కాబట్టి అరగంటో ముప్పావుగంటో ముందే గేటు దగ్గర ఉండమని తెలిసినవాళ్ళు చెబుతారు. కుటుంబం ఉంటుంది కూడా. కాకపోతే పదకొండు టికెట్లూ ఉన్న ఫోన్ కారు పార్క్ చేయడానికి వెళ్ళి ఉంటుంది. టికెట్లను స్క్రీన్‌షాట్లు తీసి ముగ్గురి ఫోన్లలో పెట్టుకోవచ్చన్న సూచన ఇంటిపెద్ద అధికారాన్ని ప్రశ్నించేది గనుక వీగిపోతుంది. తర్వాత తనిఖీ. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు నాయనమ్మ తెచ్చిన సంచిలో స్వెటర్లు, గొడుగు, మందుల డబ్బా, దేనికో తెలియని స్టీలు గిన్నె బయటపడతాయి. సంచి లేనివాళ్ళను వేరే వరసలో పంపే పార్కులు ఉన్నాయి. ఆ వరసలో పోయి అవతల ఒంటరిగా నిలబడటం సభామర్యాద కాదని పిల్లలకు గట్టిగా చెప్పబడుతుంది.

తొలిరోజు కష్టాలు పార్కులకు కొత్త కాదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్‌ను ఆహ్వానితుల కోసం తెరిస్తే దొంగ టికెట్లతో అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ మంది వచ్చిపడ్డారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లూ, తాగునీటి కుళాయిలూ రెండూ సమయానికి పూర్తికావని తేలితే వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లను ఎంచుకున్నాడు. నీళ్ళు లేవని జనం తిట్టుకున్నారు గానీ, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని తిరిగినవాళ్ళెవరైనా ఆ నిర్ణయానికి రెండు చేతులూ ఎత్తి ఓటేస్తారు. మ్యాప్ చేతికి రాగానే ముందు గుర్తుపెట్టాల్సినవి అవే. రైడ్లు తర్వాత.

సభ ముందుకొచ్చే మొదటి బిల్లు: ముందు ఏది ఎక్కాలి? పెద్దల తీర్పు ఎప్పుడూ ఒకటే: "అదిగో, అక్కడ జనం తక్కువున్నారు, అటు పదండి." కంటికి కనబడే వరస పొడవుకీ, నిలబడాల్సిన సమయానికీ పెద్ద చుట్టరికం లేదు. ముందున్న జనాన్ని ఆ రైడ్ గంటకి ఎంతమందిని ఎక్కించుకుంటుందో దానితో భాగించాలి. గాల్లో గుండ్రంగా తిరిగే ఏనుగుల రైడ్‌లో 16 ఏనుగులు, ఏనుగుకి ఇద్దరు అనుకోండి. ఎక్కించి, బెల్టులు చూసి, తిప్పి, దించడానికి నాలుగు నిమిషాలు. అంటే గంటకి 15 విడతలు, 480 మంది. అదీ ప్రతి సీటూ నిండితే. పక్కనే 24 సీట్ల రోలర్‌కోస్టర్ రైలు 72 సెకన్లకొకటి బయల్దేరితే గంటకి 1,200 మంది. కోస్టర్ ముందు 600 మంది ఉంటే అరగంటలో పని అయిపోతుంది. ఏనుగుల ముందు 400 మందే కనబడుతున్నా యాభై నిమిషాలు. అందుకే పసిపిల్లల గుండ్రాల రైడ్లు పొద్దున్నే, జనం రాకముందే ముగించమంటారు. భాగహారం వచ్చిన పదో తరగతి పిల్ల ఈ లెక్కంతా చెప్పబోతే, పెద్దల మాటకు అడ్డురావద్దని స్పీకర్ స్థానం నుంచి రూలింగ్ వస్తుంది. యాభై నిమిషాల తర్వాత ఆ పిల్ల ఏమీ అనదు, ఊరికే చూస్తుంది.

ప్లాట్‌ఫామ్ మీద సిబ్బంది అడిగే ప్రశ్న చాలా చిన్నది: "ఎంతమంది?" దానికి సూటిగా జవాబు చెప్పిన కుటుంబం లేదు. "పదకొండు. కాదండీ, తొమ్మిది. బాబాయి ఎక్కట్లేదు. ఎక్కుతాడట. పది." వరసకు నాలుగు సీట్లు గనుక నలుగురు, నలుగురు, ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరన్నది తేలడానికి ముప్ఫై సెకన్లు. ముప్ఫై సెకన్లేగా అనిపిస్తుంది. నిమిషానికొకటి కదలాల్సిన రైలు ప్రతిసారీ తొంభై సెకన్లకు కదిలితే గంటకి 60 రైళ్ళు కాస్తా 40 అవుతాయి. వెనక ఎండలో నిలబడ్డవాళ్ళకు గంట క్యూ గంటన్నర అవుతుంది. అంతేకాదు, కోస్టర్ ట్రాక్‌ను బ్లాకులుగా విడదీసి ఉంచుతారు. ఒక బ్లాకులో ఒక్క రైలే ఉండాలి. స్టేషన్ ఖాళీ కాకపోతే వెనకొచ్చే రైలు బయట బ్రేకుల మీద ఆగుతుంది. అక్కడా ఖాళీ లేకపోతే దాని వెనకది పైకెక్కే ఎత్తు మీదే నిలిచిపోతుంది. పైన ఇరుక్కున్నవాళ్ళు యంత్రం చెడిందని భయపడి దేవుణ్ణి తలుచుకుంటారు. యంత్రం దివ్యంగా ఉంది. కింద తోడికోడళ్ళిద్దరూ ఒకే వరసలో కూర్చోవాలా వద్దా అన్నది తేలలేదు. ఎవరి పక్కన ఎవరో క్యూలో ఉండగానే తేల్చుకుంటే ఇదంతా ఉండదు. కానీ క్యూలో ఉన్నంతసేపూ సభ అజెండా వేరు: ఎవరు ఆలస్యంగా నిద్రలేచారు.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర పక్షపాతం చెల్లదు. 102 సెంటీమీటర్లని రాసుంటే 102. పెద్ద కోస్టర్లకు 122 మామూలు, కొన్నిటికి 137. ఇవి పిల్లల మనసు కష్టపెట్టడానికి పెట్టినవి కావు. తొడల మీదికొచ్చే కడ్డీ చిన్న శరీరాన్ని పట్టి ఉంచలేదు. జుట్టు ముడి పైకి కట్టడం, బూట్లలో గుడ్డలు కుక్కడం లాంటి కుటుంబ విద్యలు సిబ్బందికి కొత్త కావు. నిజంగా పనికొచ్చే కిటుకు ఒకటుంది: వెన్నుపూసల మధ్య మెత్తలు రోజంతా అణిగి మనిషి సాయంత్రానికి కొంచెం కుంగుతాడు, పెద్దవాళ్ళయితే సెంటీమీటరో ఇంకాస్తో. కాబట్టి అంచున ఉన్న పిల్లవాణ్ణి పొద్దున్నే కొలిపించాలి. ఇంట్లోనే కొలిచి, ఏవి ఎక్కనిస్తారో ముందే చెప్పి తీసుకెళితే మరీ మంచిది. గంట నిలబెట్టాక కర్ర దగ్గర వెనక్కి పంపితే వాడు ఏడ్చే ఏడుపుకి ఏ పార్కూ వేచి ఉండే సమయం ప్రకటించలేదు.

వాడితో ఆగిపోయే పెద్దవాళ్ళ కోసం చాలా పార్కుల్లో ఒక సదుపాయం ఉంది. తల్లి ఎక్కొచ్చేదాకా తండ్రి బిడ్డను పట్టుకుంటాడు, తర్వాత క్యూ మొత్తం మళ్ళీ నిలబడకుండా తండ్రి ఎక్కొస్తాడు. క్యూలో చేరకముందే ప్రవేశం దగ్గరున్న సిబ్బందిని అడగాలి. అడగడం నామోషీ కాబట్టి, నాయనమ్మ ఉండగా అడగడం దేనికన్న ఆర్థికశాస్త్రం కాబట్టి, బిడ్డ ఆవిడ ఒళ్ళో చేరుతుంది. "మీరు ఎక్కండి, నేనిక్కడ కూర్చుంటాను" అని ఆవిడ పొద్దున అన్న మాట సాయంత్రం దాకా అమల్లో ఉంటుంది. ఆవిడ ఎక్కగలిగే రైడ్లు లేవా? బోలెడున్నాయి. పడవల్లో నెమ్మదిగా సాగేవి, ఆగకుండా కదిలే బండ్లలో కూర్చోబెట్టేవి, చల్లని హాళ్ళలో ప్రదర్శనలు. వీల్‌చైర్ నుంచి సీట్లోకి తనే మారగలరా, చక్రాల కుర్చీతోనే లోపలికి పోవచ్చా అన్నది ప్రతి రైడ్‌కీ రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. తాతగారి సంగతి వేరు. ఆయనకు రోలర్‌కోస్టర్ మీద సిద్ధాంతపరమైన విరోధం లేదు, వేగం మీదే. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో లమార్కస్ థాంప్సన్ నడిపిన కోస్టర్ గంటకి పది కిలోమీటర్ల దరిదాపుల్లో పోయేది, అదీ బెంచీ మీద పక్కకు తిరిగి కూర్చుంటే. తాతగారు నూట నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చారు.

మధ్యాహ్నానికి విభజనవాదులు తలెత్తుతారు. మూడు జట్లుగా విడిపోదాం, భోజనానికి ఒకసారి, సాయంత్రం ఒకసారి కలుద్దాం అన్నది వాళ్ళ డిమాండు. వినడానికి ఎంత న్యాయంగా ఉన్నా ఇది కుటుంబ సమైక్యతకు గొడ్డలిపెట్టు. విడిపోయిన జట్లు నిజంగానే ఆనందిస్తాయి. ఒంటరిగా ఎక్కేవాళ్ళ క్యూ ఉన్నచోట కుర్రాళ్ళు మిగిలిన సీట్లలో దూరి, అదే సమయంలో రెండింతలు తిరిగేస్తారు. ఇలాంటి ప్రమాదకరమైన సంతోషాన్ని అడ్డుకోవడానికి పెద్దలు వాడే ఆయుధం కలుసుకునే చోటు. "పెద్ద కోట ముందు" అంటారు. పార్కులోని సగం కుటుంబాలు అక్కడే ఉంటాయి, పైగా ఊరేగింపు వేళకి తాళ్ళు కట్టేస్తారు, ఇటువాళ్ళు అటు దాటలేరు. ఊరేగింపు దారికి దూరంగా, నీడలో, కూర్చునే వీలున్న చోటు ముందే చూసుకుని, గడియారం టైమూ చెప్పుకోవాలి. ఫోన్లను నమ్మడానికి లేదు. అంత జనంలో నెట్‌వర్క్ ఈడుస్తుంది, పార్కు యాప్ పొద్దుటి నుంచీ బ్యాటరీ తాగుతూ ఉంటుంది.

మిగిలిన గొడవలు చిన్నవి. భోజనం పదకొండింటికైనా తినాలి, రెండు దాటాకైనా తినాలి. మధ్యలో అందరూ తింటారు. నీళ్ళ రైడ్ ఎక్కి తడి సాక్సులతో నడిస్తే పాదాలకు బొబ్బలు ఖాయం, ఇంకో జత ఉండాలి. స్ట్రోలర్ పెట్టినచోట లేదంటే దొంగతనం కాదు, సిబ్బంది వరసలు సర్దారంతే. రంగు రిబ్బన్ కడితే గుర్తుపట్టొచ్చు. మెరుపులొస్తే బయటి కోస్టర్లు ఆపేస్తారు, జనమంతా లోపలి రైడ్ల మీద పడతారు. మబ్బు చూడగానే కదలాలి, చినుకు పడ్డాక కాదు.

చాలా పార్కుల్లో మూసే వేళకు ముందు క్యూలో చేరినవాళ్ళను ఎక్కనిస్తారు, చివరి గంటలో క్యూలూ తగ్గుతాయి. సరిగ్గా ఆ గంటలోనే సభ సంపూర్ణ కోరంతో సమావేశమై, ఇంకొకటి ఎక్కుదామా వద్దా అన్నదాని మీద దీర్ఘంగా చర్చించి, చర్చ ముగియకుండానే నిరవధికంగా వాయిదా పడుతుంది. తర్వాత అందరూ కార్ల దగ్గరికి నడుస్తారు. పొద్దున బండి పెట్టిన వరస నంబరు ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, బాబాయి ఫోటో తీశాడు. బాబాయి ఫోన్ మూడున్నరకే ఆగిపోయింది.