సంచి ఎవరు సర్దాలె?

దసరా సెలవులకు హనుమకొండ నుంచి కొందరు పిల్లలు నేపాల్ పోతున్నారు. అందరూ పద్నాలుగు, పదిహేడేళ్ళ మధ్యవాళ్ళు. అక్కడి అన్నపూర్ణ పర్వతం అడుగున ఉండే బేస్ క్యాంప్ దాకా నడక. వెంట పోయే పెద్దవాళ్ళలో ఒకడు తమ్ముడు, పోయే పిల్లల్లో ఒకతి పదిహేనేళ్ళ అక్క బిడ్డ. అక్క కూర్చుని సంచి సర్దింది. తమ్ముడు వచ్చి దాన్ని హాల్లో చాప మీద గుమ్మరించాడు. ఈ ఇద్దరూ కల్పితమే గానీ చాప మీది సామాను మాత్రం మన ఇండ్లల్లోదే. నా మొగ్గు తమ్ముడి వైపని ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అనొద్దు.

అక్క: ఏందిరా, మంచిగ సర్దిపెట్టిన సంచి గట్ల గుమ్మరిస్తివి? సోయున్నదా నీకు?

తమ్ముడు: తూకమేసిన అక్కా. పదమూడున్నర కిలోలు. పిల్ల చూస్తే నలభై నాలుగు కిలోలు లేదు. దీన్ని వీపుకేసుకొని దారిల చోమ్రోంగ్ ఊరి కాడ మెట్లు దిగాలె, వాగు దాటాలె, మల్ల అవుతల ఎక్కాలె.

అక్క: మోసేటోళ్ళు ఉంటరు గదా. అన్ని పైసలు కట్టింది ఎందుకు మరి?

తమ్ముడు: ఉంటరు, ఇద్దరు పిల్లల సామానుకు ఒక్క మనిషి. మనకు దసరా అయితే వాళ్ళకు దశైం, ఏడాది మొత్తంల అదే పెద్ద పండుగ. పండుగ పూట ఇల్లిడిసి వచ్చినాయన నెత్తి మీద నీ స్టీలు టిఫిన్ డబ్బా పెడతవా?

అక్క: ఓహో, ఆయన పండుగ మీద ఉన్న ప్రేమ నా పండుగ మీద లేకపాయె! సద్దుల బతుకమ్మ నాడు నా బిడ్డ ఇంట్ల ఉండదు. వాడకట్టోళ్ళంత అడుగుతున్నరు, పిల్లను పండుగ పూట ఎటు తోలుతున్నవని. ఏమని చెప్పాలె?

తమ్ముడు: బతుకమ్మ మల్ల ఏడు వస్తది. బడికి ఇన్ని దినాలు సెలవులు ఇంకెప్పుడు దొరుకుతయి? పైంగ వానలు పోయి కొండలు తేటగ కనవడేది అక్టోబరు, నవంబరులనే.

అక్క: నీకేం తెలుస్తది పండుగ సంగతి, పెండ్లి చేసుకుంటే తెలుస్తుండె. పోయినేడు చూసిన సంబంధం...

తమ్ముడు: నడిమిట్ల నా పెండ్లెందుకు తెస్తవే!

(ఇక్కడ పావుగంట సేపు ఆ సంబంధం ముచ్చటే నడిచింది. అది వదిలేస్తున్నా. అందులో మాత్రం అక్కే గెలిచింది.)

తమ్ముడు: సంచి కాడికి రా. ఇగో, రెండు జీన్ ప్యాంట్లు. నూలు బట్ట నీళ్ళు పీల్చుకుంటే ఇడువది. పైకి పోయినంక చెమటకు తడిసిందంటే పొద్దుగూకినా ఆరదు, ఒంటి మీదనే మంచు లెక్క అయితది. ఈ టర్కీ తువ్వాల కూడ గంతే, ఒక్కసారి తడిస్తే కిలోకు తక్కువుండదు. పెండ్లిళ్ళకు ఏసుకునే మందం స్వెటర్ ఒక్కటి పెట్టినవ్. ఒక్క మందం బట్ట కంటె పల్చటివి మూడు మేలు. లోపల చెమట తొందరగ ఆరే బనీను, దాని మీద ఫ్లీసు, అన్నిటి మీద గాలీ వానా ఆపే జాకెట్. ఎక్కుతుంటే ఉడుకపోస్తది, ఒకటి తీస్తది. ఆగంగనే చలి పెడతది, మల్ల ఏసుకుంటది. పవర్ బ్యాంకేమో సంచి అడుగున పెట్టినవ్. అది చేతి సంచిలనే ఉండాలె, కింద సామాన్ల ఏస్తే శంషాబాద్‌ల సంచి ఇప్పిస్తరు. ఈ ఎండుకొబ్బరి చిప్పలు ఎందుకే? నూనె గింజ అది, అంటుకుంటదని విమానం సామాన్ల రానియ్యరు. ఇగ నీళ్ళ సీసాలు! ఆ లోయల పైకి పోయినకొద్ది ప్లాస్టిక్ సీసాల నీళ్ళే అమ్మరు. కాచిన నీళ్ళు కొనుక్కోవాలె, లేదంటే క్లోరిన్ గోలి ఏసుకొని అరగంట ఆగి తాగాలె. మనమేమో ఇక్కడి సంది నీళ్ళు మోసుకపోవుడా? అన్నిటి కంటె ఈ బూట్లు చూడు. డబ్బల కెళ్ళి తియ్యనే తియ్యలే, లోపట కాగితాలు కూడ అట్లనే ఉన్నయి.

అక్క: కొత్తగ ఉండాలని దాసిన. నాలుగు వేలు పెట్టి కొన్నయి.

తమ్ముడు: కొత్త బూట్లతోటే పోతే మొదటి నాడే మడిమెల కాడ పొక్కులొస్తయి. రేపటి సంది పొద్దుగాల ఆ బూట్లేసి, సంచి వీపుకేసి, పద్మాక్షి గుట్ట ఎక్కియ్యి. పోయే నాటికి బూటు కాలికి అలవాటు కావాలె.

అక్క: సరే, నాకు తెల్వక పెట్టిన. ఏమేం పెట్టాల్నో రాసియ్యి, గవే పెడత.

తమ్ముడు: నేను చెప్పేది గది కాదక్కా. నువ్వు పెట్టుడే వద్దంటున్న. నువ్వు పెడితే ఏది ఏడున్నదో పిల్లకు ఎట్ల ఎరుక? దారిల దేవురాలి అనే మజిలీ కాడ పొద్దుమీకినంక చేతి తొడుగులు కావాల్నంటే సంచి మొత్తం తోడాలె. లైటు సరిగుండదు, చేతులు కొంకర్లు పోతయి, తోటి పిల్లలేమో తయారై నిలవడతరు. తను సర్దుకుంటే చీకట్ల చెయ్యి పెట్టినా దొరుకుతది. ఇంకో సంగతి. తను మోసేది తనే సర్దుకుంటే, ఏది అక్కెర లేదో తనకే తెలిసొస్తది. సంచి ఏసుకొని గుట్ట ఎక్కిన నాడే సగం సామాను ఇంట్ల ఇడుస్తది, ఎవ్వలూ చెప్పక ముందే. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల పూర్ణ, గురుకులంల చదువుకున్నది, 2014 మే 25 నాడు ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేండ్లు కూడ నిండలే అప్పటికి. హాస్టల్ పిల్లలు ట్రంకు పెట్టె తామే సర్దుకుంటరు, బట్టలు తామే ఉతుక్కుంటరు. మనింట్ల పిల్లకు పదిహేనేండ్లొచ్చినా సాక్సులు తల్లి అందియ్యాలె.

అక్క: పూర్ణ పేరు ఎత్తినవ్ గదా, మొత్తం చెప్పు మరి. ఆ పిల్లకు భువనగిరి గుట్ట మీద నేర్పిండ్రు. డార్జిలింగ్ తోల్కపోయిండ్రు, లద్దాఖ్ తోల్కపోయిండ్రు. నెలల కొద్ది వెంటవడి నేర్పినంకనే పంపిండ్రు. నీ పిల్లలకు ఏం నేర్పినవ్? వాట్సాప్‌ల ఒక లిస్టు పెట్టినవ్. పిల్ల సాక్సులు నేను అందిస్తున్నదే అనుకో, మరి ఎవరెస్ట్ పిల్లతోటి ఎట్ల కొలుస్తవ్ రా?

(ఈ దెబ్బ గట్టిగనే తగిలింది. తమ్ముడు మంచినీళ్ళు తాగాడు.)

అక్క: నీ లిస్టు గురించే చెప్త ఆగు. “ఆధార్ లేదా పాస్‌పోర్ట్” అని రాసినవ్. నేపాల్‌కు వీసా అక్కెర లేదు, నిజమే. కాని విమానం ఎక్కాల్నంటే పాస్‌పోర్టన్న ఉండాలె, ఓటరు కార్డన్న ఉండాలె, పదిహేను పద్దెనిమిదేండ్ల నడుమ పిల్లలకైతే బడి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రమన్న ఉండాలె. ఆధార్ నడిచేది పదిహేనేండ్ల లోపోళ్ళకు, అరవై అయిదు దాటినోళ్ళకు. పదిహేనేండ్ల పిల్లకు ఓటరు కార్డు ఎక్కడిది? నీ “లేదా” సూసి ఎవరి తల్లన్న ఆధార్ ఇచ్చి పంపిందనుకో, ఆ పిల్ల శంషాబాద్‌ల ఏడ్సుకుంట నిలవడతది.

తమ్ముడు: ...అది ఇయ్యాలనే మారుస్త.

అక్క: మార్చు. ఆడపిల్లలు పోతున్నరు, నీ లిస్టుల ప్యాడ్లున్నయా? పైన దుకాణాలుంటయా? వాడినయి ఏడ పారేస్తరు, ఏ సంచిల మల్ల కిందికి తెస్తరు? మగోళ్ళు రాసిన లిస్టు ఇట్లనే ఉంటది. జాకెట్ మూడు పొరలట, గీ సంగతేమో ఒక్క పొర లేదు.

తమ్ముడు: నేను రాయలే, ఒప్పుకుంట. కాని నీ బిడ్డ రాసుకున్నది. నిన్న నన్ను అడిగింది, “మామా, చెత్త కోసం జిప్పు కవర్లు ఎన్ని పెట్టుకోవాలె” అని. నోటుబుక్కుల మొత్తం ఏసుకున్నది పిల్ల. ప్యాడ్లు, కవర్లు, చేతులు కడుక్కునే సబ్బు ముక్క, అన్నీ ఉన్నయి. నువ్వు సర్దిన సంచిల ఏమున్నయో తనకు తెల్వదు, తను రాసుకున్న లిస్టు సంగతి నీకు తెల్వదు. ఒక్కటే ఇంట్ల రెండు లిస్టులు! అందుకే అంటున్న, పిల్ల సర్దుకోని, నువ్వు చూడు.

అక్క: చూసుడు కాదు రా నా బాధ. దానికి దుమ్ము పడదు, ఇన్‌హేలర్ మర్సిపోతది. ట్యూషన్ల ఇడిసి వచ్చింది, మేనత్తోళ్ళింట్ల ఇడిసి వచ్చింది. చల్లగాలికి ఊపిరి పట్టుకుంటది దానికి. అయినా అంత కంటె నాకు భయం ఇంకోటున్నది. నాలుగు వేల మీటర్ల కాడ ఇక్కడి గాలిల ఉన్న ఆక్సిజన్ల పదిట్ల ఆరు వంతులే ఉంటదట గదా. నెత్తి నొస్తది, కక్కొస్తది, నిద్ర రాదు, ఆకలి కాదు. అట్లయినప్పుడు పైకి పోవద్దు, తక్కువ కాకుంటే కిందికి దిగాలె. గిది నువ్వు మీటింగుల చెప్పిందే. కాని పదిహేనేండ్ల పిల్లలు చెప్తరా? దోస్తులంత మంచిగ నడుస్తుంటే, “నాకు నెత్తి నొస్తుంది, నా వల్ల అందరు ఆగుండ్రి” అని ఏ పిల్లంటది? దాచుకుంటది. నవ్వుకుంట ఫోటో దిగుతది, రాత్రికి పడిపోతది. ఇంట్ల జరమొస్తేనే పరీక్ష ఉన్నదని నాకు చెప్పలే. తన సంచి తనే సర్దుకున్న పిల్ల తన నొప్పి కూడ తనే మోస్తనంటది. గా మాటకేమంటవ్?

తమ్ముడు: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదక్కా. చేసేది మాత్రం చెప్త. మూడు వేల మీటర్లు దాటినంక ఏ రాత్రికారాత్రి పడుకునే ఎత్తు అయిదు వందల మీటర్లకు మించి పెంచం. దేవురాలి 3,200, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ 3,700, ఆ తర్వాతనే అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130. చానమంది దేవురాలి నుంచి ఒక్కనాడే పైకెక్కుతరు, మనం ఎక్కం. పిల్లల్ని జంటలు చేసినం. పొద్దుమీకితే నీ బిడ్డను నేను అడగ, దాని జంట పిల్లను అడుగుత, “ఇది ఇయ్యాల ఎంత తిన్నది, ఎన్నిసార్లు లేసింది” అని. పిల్లలు తమ నొప్పి దాస్తరు కాని పక్కపిల్ల సంగతి దాయరు. ఎత్తు మీద జబ్బు రాకుండ ఏసుకునే డయామాక్స్ గోలీలు మాత్రం దుకాణంల కొని సంచిల పెట్టకు. డాక్టర్‌కు చూపియ్యి, సల్ఫా మందులు పడనోళ్ళకు అది పడకపోవచ్చు.

అక్క: ఇన్‌హేలర్?

తమ్ముడు: ఒకటి దాని జాకెట్ జేబుల, ఒకటి నా దగ్గర. సామాన్ల మూటల మాత్రం వద్దు, మోసేటోళ్ళు మనకంటె ముందు పోతరు.

అక్క: అయితే మందులు, కాయితాలు నేనే పెడత. ఆపదల హెలికాప్టర్ ఖర్చు దాకా వచ్చే ఇన్సూరెన్స్ కాయితం, నాలుగు వేల మీటర్లకు చెల్లుతదో లేదో నేనే సదువుత. నీ “లేదా” మీద నాకు నమ్మకం లేదు. బట్టలు దాన్నే సర్దుకోమను.

తమ్ముడు: గంతే నేననేది.

అక్క: గంతేనా? పొద్దట్నుంచి “నువ్వు పెట్టుడే వద్దు” అంటివి గదరా.

తమ్ముడు: సరే, మందులు కాయితాలు నీయే. కాని ఏ గోలి ఎందుకో, ఏ కాయితం ఏడున్నదో పిల్ల నోటితోటి చెప్పించు. నువ్వు పెట్టి జిప్పు మూస్తే మల్ల మొదటికే వస్తది.

అక్క: చెప్పిస్త. సకినాలు?

తమ్ముడు: అక్కా, ఆడ దాల్ భాత్ పెడతరు. అడిగితే మల్ల ఏస్తరు, దానికి పైసలు కూడ తీసుకోరు.

అక్క: అంత ఎత్తుల నీళ్ళు తొంబై డిగ్రీలు కాకముందే మరుగుతయట, పప్పు ఉడకదని నువ్వే అంటివి. ఉడకని పప్పు తిని నా బిడ్డ ఏం నడుస్తది? కిలో సకినాలు, మామిడికాయ తొక్కు, చికెన్ తొక్కు.

తమ్ముడు: చికెన్ తొక్కు వద్దే వద్దు. చోమ్రోంగ్ దాటినంక ఆ లోయ వాళ్ళకు పవిత్రం, మాంసం పైకి తీసుకపోరు. మామిడికాయ తొక్కు చిన్న సీసా అయితే సరే. సకినాలు కిలో ఎందుకు, ఇరిగి పొడైతయి.

అక్క: డబ్బల పెడితే ఇరగయి. దాని సంచిల పెట్టను లే, పొద్దట్నుంచి తూకం తూకం అంటున్నవ్. నీ సంచిల పెడత.

తమ్ముడు: నా దాంట్ల అందరి మందులున్నయే, తాడున్నది...

అక్క: మోసేటోడు మోస్తడు తియ్. స్టీలు డబ్బల పెట్టాల్నా, ప్లాస్టిక్ డబ్బలనా?