ఫ్రీ అన్నారు కదా అని

బెర్లిన్‌లో అద్దెకు తీసుకున్న ఇంటి తాళం తీసి, లోపలికి రెండడుగులు వేసి, మా ఆయన అక్కడే ఆగిపోయారు. "దొంగలు పడ్డట్టున్నారే" అన్నారు.

దొంగలైతే అంత శ్రద్ధగా చెయ్యరు. పైకప్పుకు బల్బులు లేవు సరే, హోల్డర్లు కూడా లేవు. గదికి మూడేసి వైర్లు పిల్లి మీసాల్లా వేలాడుతున్నాయి. వంటగది అని చెప్పిన గదిలో గోడలోంచి ఒక నీళ్ళ గొట్టం, ఒక కరెంటు పాయింటు బయటికి చూస్తున్నాయి. గట్టు లేదు, సింకు లేదు. ఏజెంటును అడిగితే, ఇక్కడ చాలా అద్దె ఇళ్ళు ఇంతేనన్నాడు. ఖాళీ చేసేవాళ్ళు వంటగదిని వచ్చేవాళ్ళకు అమ్ముతారు, లేదంటే విప్పుకుని పట్టుకుపోతారు. మాకు ముందున్నాయన రెండో రకం. కూకట్‌పల్లిలో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మేం కొన్న ట్యూబులైటు మేం విప్పుకున్నందుకు ఓనరుగారు నన్ను ఎన్ని మాటలన్నారో! ఆయన్ని ఒక్కసారి ఇక్కడికి తీసుకొచ్చి ఈ గోడలు చూపించాలనిపించింది.

వంటగది కథ ఇప్పుడు చెప్పను. దానికి బీపీ మాత్ర వేసుకుని కూర్చోవాలి.

మంచం కథ మాత్రం చిన్నది. డబుల్ కాట్ కొంటే 180 సెంటీమీటర్ల మంచం ఒకటీ, 90 సెంటీమీటర్ల పరుపులు రెండూ వచ్చాయి. దుప్పట్లు కూడా ఎవరిది వాళ్ళకే. ఇక్కడ మొగుడూ పెళ్ళాలు అలాగే పడుకుంటారట. రెండు పరుపుల మధ్య సందులో మొదటి వారమే నా ఫోనూ, ఆయన కళ్ళజోడూ పడిపోయాయి. తెనాలి నుంచి అత్తయ్యగారు వీడియోలో ఆ పడక చూసి ఏమీ అనలేదు. తర్వాత మూడు రోజులు వాళ్ళబ్బాయికి విడిగా ఫోన్ చేసి "నిజం చెప్పరా, ఏం గొడవైంది?" అని అడిగారు.

ఇక సోఫా. నెలరోజులు మేం 23 కిలోల సూట్‌కేసుల మీదే కూర్చున్నాం. "ఇంటికి ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతారే అమ్మాయ్" అని అత్తయ్యగారు రోజూ అడిగేవారు. వచ్చేవాళ్ళెవరూ లేరని చెబితే, కూర్చోడానికి చోటు లేకపోతే ఎవరొస్తారన్నారు. నిజమే కదా అని ఆన్‌లైన్లో వెతకడం మొదలుపెట్టాం.

మా ఆయన ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. టేపు తెచ్చి గోడ కొలిచారు, గుమ్మం కొలిచారు, కిటికీ కింద హీటరు కొలిచారు. పాత పేపర్లు సోఫా ఆకారంలో నేల మీద పరిచి, దాని చుట్టూ నడిచి చూశారు. ఆ పేపరు సోఫా మీద మేం రెండు సాయంత్రాలు కాఫీ కూడా తాగాం. ఇంట్లో కొలవని చోటంటూ లేదు. మెట్లు ఇంట్లోకి రావు కదా!

రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల సోఫా నచ్చింది. డెలివరీ దగ్గర "ఫ్రై బోర్డ్‌ష్టైన్‌కాంటె" అని ఉంది. ఫ్రై అంటే ఫ్రీ అని మా ఇద్దరికీ తెలుసు. ఫ్రీ అన్న మాట కనబడ్డాక తెలుగువాళ్ళెవరైనా పక్క మాట చదువుతారా? నొక్కేశాం.

శనివారం సాయంత్రం లారీ వచ్చింది. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. లారీ వెనక పలక మీద సోఫాను కిందికి దింపి, ఫుట్‌పాత్ అంచున పెట్టి, సంతకం అడిగాడు. నేను వేలు పైకి చూపించి "నాలుగు" అన్నాను. అతను వేలు కిందికి చూపించి "బోర్డ్‌ష్టైన్‌కాంటె" అన్నాడు. ఆ మాటకు ఫుట్‌పాత్ అంచు అని అర్థమట. అంతవరకే ఫ్రీ. వారాంతం హాయిగా గడపండని దీవించి లారీ ఎక్కేశాడు.

కూకట్‌పల్లిలో అయితే ట్రాలీ ఆటోతో పాటే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. "నాలుగో అంతస్తా మేడమ్, లిఫ్టు లేదా" అని మొహం మాడ్చుకునేవాళ్ళు. హమాలీ దగ్గర పది నిమిషాలు బేరం, చివర్లో టీ డబ్బులు. సోఫా హాల్లో ఉండేది. ఇక్కడ బేరమాడదామన్నా మనిషి లేడు.

మా బిల్డింగ్ వందేళ్ళ పైబడ్డ పాతకాలపుది. గదుల ఎత్తు చూసి మురిసిపోయి తీసుకున్నాం. లిఫ్టు లేదు. బెర్లిన్‌లో అప్పట్లో ఇళ్ళు 22 మీటర్లకు మించి లేపకూడదన్న నియమం ఉండేది కాబట్టి నాలుగో అంతస్తుతో ఆగిపోయింది. లేకపోతే ఆరో అంతస్తు కూడా గాలి బాగుంటుందని తీసుకునేవాళ్ళమే.

మా ఆయన్ని సోఫా మీద కాపలా కూర్చోబెట్టి, తెలిసినవాళ్ళకు ఫోన్ చేద్దామని నేను పైకెళ్ళాను. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకాయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నారు. రెండో అబ్బాయి "నడుం పట్టేసింది వదినా" అని నాలుగుసార్లు దగ్గాడు.

ఈలోగా కింద ఇంకో వ్యవహారం నడుస్తోంది. బెర్లిన్‌లో అక్కర్లేని సామాను ఇంటి ముందు పెట్టి "ఫెర్‌షెంకెన్", అంటే ఊరికే ఇస్తాం, అని కాగితం అంటిస్తారు. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళిపోతారు. అదేదో అసలు పద్ధతి కాదుగానీ ఊరంతా చేసేదదే. మా సోఫాకు కాగితం లేదు, దాని బదులు మా ఆయన ఉన్నారు. కాలేజీ పిల్లల్లా ఉన్న ఓ జంట వచ్చి ఆయన్ని ఏదో అడిగారు. మా ఆయన జర్మన్ మొదటి కోర్సు పూర్తిచేశారు. అంటే ఎవరేమడిగినా "యా, యా, డాంకె" అనగలరు. అదే అన్నారు. మర్యాదగా లేచి నిలబడ్డారు కూడా.

నేను బాల్కనీలోకి వచ్చి చూసేసరికి, ముందు ఆ అబ్బాయి, వెనక ఆ అమ్మాయి, మధ్యలో మా సోఫా, వీధి చివరికి వెళ్తున్నాయి. ఆ వెనకాలే మా ఆయన చేతులు కట్టుకుని నడుస్తున్నారు.

"ఏవండీ! సోఫా పోతోంది!" అని నేను పెట్టిన కేకకు నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి. మా ఆయన తలెత్తి, "సాయం చేస్తున్నారే పాపం! మన గుమ్మం ఇటని ఎలా చెప్పాలో తెలియట్లేదు" అన్నారు.

తొంభై రెండు మెట్లు. దిగేటప్పుడు లెక్కపెట్టలేదు, తర్వాత పెట్టాను.

విషయం తెలిశాక ఆ పిల్లలు పడిన సిగ్గు చూస్తే నాకే జాలేసింది. పరిహారంగా పైకి మోస్తామన్నారు. కాళ్ళు విప్పి, నిలువుగా నిలబెట్టి, నలుగురం ఎత్తాం. మొదటి అంతస్తులో నవ్వుకున్నాం. రెండో అంతస్తులో ఎవరూ మాట్లాడలేదు. మూడో అంతస్తు దాటాక మెట్ల మలుపు సన్నబడింది. అక్కడ సోఫా ఇరుక్కుంది. ఇటు తిప్పినా రాదు, అటు తిప్పినా రాదు. మా ఆయన అప్పుడు జేబులోంచి టేపు తీశారు. ఆయన్ని నేనేమీ అనలేదు, సోఫా రెండో చివర మోస్తున్నాను కాబట్టి.

వెనక్కి దింపి మూడో అంతస్తు వసారాలో పెట్టి ఊపిరి పీల్చుకుంటుంటే అక్కడి తలుపు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళ మామ్మగారు. గోడ మీద ఉన్న నోటీసు చూపించారు. మెట్ల దారిలో ఏ సామానూ ఉంచకూడదు, నిప్పంటుకుంటే పారిపోవడానికి దారి కావాలి. తెల్లారితే ఆదివారం, చప్పుడు చేసే పనేదీ పెట్టుకోకూడదు. ఇదంతా చెప్పి, మా నలుగురి మొహాలూ చూసి, తన రెండు తలుపులూ బార్లా తెరిచారు. అంతవరకు మొండికేసిన సోఫా, అత్తారింట్లో అడుగుపెట్టే కొత్తల్లుడిలా తగలకుండా, గీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయింది. కిటికీ పక్కన సరిగ్గా దానికోసమే అన్నట్టు ఖాళీ ఉంది.

సోమవారం తీసుకెళ్తామని చెప్పాం.

సోమవారం వాకబు చేస్తే, బయటినుంచి నిచ్చెన లిఫ్టుతో బాల్కనీలోకి ఎక్కించే బండి ఉందన్నారు. దాన్ని నిలబెట్టడానికి ముందుగానే అనుమతి తీసుకుని, అక్కడ ఎవరూ కారు పెట్టకుండా రోడ్డు మీద బోర్డులు పాతాలి. ఖర్చు సోఫా ఖరీదులో సగం. పోనీ వెనక్కి ఇచ్చేద్దామంటే 14 రోజుల గడువుంది. కానీ ఫుట్‌పాత్ అంచుకు మేమే దింపాలట. దింపుదామా, ఎక్కిద్దామా అని మేం తేల్చుకునేలోపు గడువు కాస్తా దాటిపోయింది.

ఇప్పుడు ఐదో నెల. సాయంత్రం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఒక అంతస్తు దిగుతాం. మామ్మగారు కేకు కోస్తారు. మా ఆయన జర్మన్ "యా, డాంకె" దాటి వాతావరణం దాకా వచ్చింది. మొన్న మేం ఆలస్యంగా వెళితే, మా సోఫాలో మేం కూర్చునే చోట ఆవిడ కుట్టిన గలీబులతో రెండు దిండ్లు ఉన్నాయి.

అత్తయ్యగారు సోఫా చూపించమని పట్టుబడితే అక్కడినుంచే వీడియో పెట్టాం. చాలాసేపు చూశారు. నైరుతి మూలకు వేశారు, మంచిదే అన్నారు. ఆ కర్టెన్లు ఎప్పుడు కొన్నారన్నారు. అప్పుడే మామ్మగారు వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుని ఫోన్‌లోకి చెయ్యి ఊపారు.

అత్తయ్యగారు గొంతు తగ్గించి అడిగారు: "అమ్మాయ్, ఈవిడ ఎన్నాళ్ళుంటుందిట?"