సీ వ్యూ గారికి, హన్మకొండ నుంచి

శ్రీయుత సీ వ్యూ గారికి,

హన్మకొండ, బాలసముద్రం నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం మంచిగనే ఉన్నం. నీ క్షేమం అడిగే పనిలేదు, నువ్వు ఎప్పుడు చూసినా బొమ్మల ఉన్నట్టే ఉంటవు. పేరు ఎనుక గారు పెట్టిన్నని ఉబ్బిపోకు. పైసలు గుంజేటోళ్ళందరినీ మా దిక్కు గారు అనే అంటరు.

నువ్వు మా ఇంట్ల జొరబడ్డది మా బామ్మర్ది ఫోన్ల నుంచి. ఆయన మొదాలు చీటీలు నడిపిండు. తర్వాత మామునూరుకు ఇయ్యాలో రేపో విమానం దిగుతదని చెప్పి సగం చుట్టాలకు గజాలు అంటగట్టిండు. ఇప్పుడు వైజాగ్ ఫ్లాట్లకు హన్మకొండ ఏజెంటయిండు. వాట్సాప్‌ల నీ బొమ్మ పంపిండు. అండ్ల ఒక బాల్కనీ, బాల్కనీల తెల్లటి కుర్చీ, కుర్చీ ముంగట నువ్వు, అంటే సముద్రం. కుర్చీల మాత్రం ఎవ్వరు లేరు. ఆ రేటు పెట్టి కొన్నోడు కుర్చీల ఎందుకు కూసుంటడు, ఈఎంఐ కోసం డ్యూటీకి పోయుంటడు. మా ఇంటామె ఆ బొమ్మను స్టేటస్ పెట్టుకున్నది. సాయంత్రం వరకు ఇరుగుపొరుగోళ్ళు "వైజాగ్‌ల ఇల్లు కొన్నరట గద" అని అడుగుడు షురూ చేసిన్రు.

"సస్తా బావా, సస్తా" అంటడు మా బామ్మర్ది. "హైదరాబాద్‌ల ఈ పైసలకు కార్ పార్కింగ్ గూడ రాదు. బొంబాయిల అయితే సముద్రం దిక్కు మొఖం పెట్టనియ్యరు." ఆయన మాటల అబద్ధం లేదు. గని కోకాపేటల ఫ్లాటు అమ్ముకొని పోయేటోనికి వైజాగ్ సస్తా. హన్మకొండల పాత ఇల్లు అమ్ముకొని పోయే మాసొంటోళ్ళకు రెండు బెడ్‌రూంలు వస్తై, మూడోది బ్యాంకోళ్ళది. అసలు సస్తా అంటే ఏందో 2025 ఏప్రిల్ల పేపర్ల చదివిన. టీసీఎస్ కంపెనీకి రుషికొండల 21.16 ఎకరాలు 99 పైసల ధరకు ఇయ్యనికె ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకున్నది. నేను గూడ రూపాయి బిళ్ళ పట్టుకొని తయారైన, ఒక పైస చిల్లర వద్దని చెప్పాలని గూడ అనుకున్న. ఆ కౌంటరు ఏ సందులున్నదో ఎవ్వలు చెప్పలె. అదే ఏడు అక్టోబర్ల గూగుల్ డేటా సెంటర్ ముచ్చట వచ్చినంక మా బామ్మర్ది పంపే రేట్ల కాయితం మళ్ళ మారింది. డేటా సెంటర్ల సర్వర్లుంటయి, అవి బాల్కనీ ఉన్న ఫ్లాట్లు కొనవు గదరా అంటే, "నీకు మార్కెట్ తెల్వది బావా" అన్నడు.

నీ లెక్కలు గూడ విచిత్రంగున్నయి. ఫ్లాటు రేటు వేరు, నీ రేటు వేరు. ఎస్ఎఫ్టీకి ఇంత అని వ్యూ చార్జీ. ఎస్ఎఫ్టీ లెక్కన అంటే బాత్రూంకు వ్యూ చార్జే, కిటికీ లేని స్టోర్ రూంకు వ్యూ చార్జే. ఫ్లాట్ల అమ్మకాల మీద 2016ల వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఇంట్ల గోడల నడుమ వాడుకునే జాగ, లెక్క చెప్పాలె అంటది. వీళ్ళు కాయితంల అది రాసి, నోటితోని సూపర్ బిల్టప్ చెప్తరు. సూపర్ బిల్టప్‌ల మెట్లు, లిఫ్టు, వాచ్‌మెన్ కూసునే జాగ గూడ కలుస్తై. అంటే మా వాటాకు వచ్చిన మెట్లు గూడ సముద్రాన్ని చూస్తున్నయన్నట్టే లెక్క. నీల మళ్ళ రకాలున్నయట, ఫుల్ సీ వ్యూ, పార్షియల్ సీ వ్యూ. మాకు పార్షియల్ రాసిపెట్టి ఉన్నది.

ఎందుకో చెప్త. వైజాగ్‌కు తూర్పున సముద్రం, పడమట కొండలు. తూర్పు పల్లం, పడమర మెరక. వాస్తు చూసేటోళ్ళు ఆ ఊరు మ్యాపును దేవునింట్ల పెట్టుకోవచ్చు. గని మనోళ్ళకు ఇంటి దర్వాజ తూర్పుకే ఉండాలె. దర్వాజ తూర్పుకుంటే కారిడార్ గూడ తూర్పుకే ఉంటది. అప్పుడు సముద్రం కారిడార్‌ది అయితది, హాలు బాల్కనీ పడమటికి తిరిగి పక్క బ్లాకోళ్ళు ఆరేసిన బట్టలను చూస్తది. ఇంట్ల కూసొని నిన్ను నిండుగ చూడాలంటే పడమటి దర్వాజ ఫ్లాటు తీసుకోవాలె. మా ఇంటామె పడమటి దర్వాజ వద్దన్నది. సముద్రం కోసం ఇంత దూరం పోతున్నం గదనే అంటే, "సముద్రం కోసం వాస్తు చెడగొట్టుకుంటమా" అన్నది.

సరే, ఒకసారి చూసొద్దామని మాపటికి వరంగల్ల గోదావరి రైలు ఎక్కినం, తెల్లారెవరకు దిగినం. మధురవాడ అవతల సగం కట్టిన బిల్డింగు. లిఫ్టు ఇంకా పెట్టలె. ఏడో అంతస్తు దాక ఎక్కిచ్చిన్రు. వంటింటి ఎనుక ఉత్తరం దిక్కు చిన్న బాల్కనీ ఉన్నది, గిన్నెలు తోముకునే జాగ. అక్కడ నిలబెట్టి మా బామ్మర్ది డైరెక్షన్ మొదలుపెట్టిండు. "కుడికి తిరుగు బావా. ఇంకొంచెం. జెర ముందుకు వంగు. రెయిలింగ్ లేదు, పైలం. ఆ రెండు నీళ్ళ ట్యాంకుల నడిమిట్ల చూడు. కనబడ్డదా?" కనబడ్డది. బొటనవేలంత నీలిరంగు. నేను తల ఊపిన. మా ఇంటామె కండ్లద్దాలు కొంగుతోని తుడుచుకొని మళ్ళ పెట్టుకొని, "అది టార్పాలిన్ గద తమ్మీ" అన్నది. నిజంగనే ఎవలదో రేకుల షెడ్డు మీద కప్పిన టార్పాలిన్, గాలికి లేస్తున్నది. సముద్రం దాని పక్కపొంటి ఉన్నదట. నువ్వు ఉన్నవని మా బామ్మర్ది ఒట్టు పెట్టిండు.

మరి నీకూ మాకూ నడుమ ఖాళీ జాగ ఒకటి ఉన్నది. సర్కారు తుమ్మ మొలిచి, నాలుగు మూలలకు హద్దురాళ్ళు పాతి ఉన్నయి. అది ఎవలదని సేల్స్ పిలగాణ్ణి అడిగిన.

"ప్రైవేట్ ల్యాండండి. ఇప్పట్లో అక్కడ ఏమీ రాదండి."

"ఇప్పట్ల అంటే ఎప్పటిదాక బాబూ?"

"మీకు పొజెషన్ ఇచ్చేదాకా పక్కా అండి."

పిలగాడు మంచోడే, ఉన్నదున్నట్టు చెప్పిండు. తర్వాత మేనేజర్ వచ్చి, ముంగట సీఆర్‌జెడ్ అని తీరం పొంటి కట్టుడుకు అడ్డుపెట్టే రూలు ఉన్నది, ఎవ్వరూ కట్టలేరు అని ధైర్యం చెప్పిండు. సీఆర్‌జెడ్ సముద్రం పొంటి పోటు గీత నుంచి 500 మీటర్ల దాకనే లెక్క. అండ్ల గూడ పట్నంల ఇదివరకే రోడ్డున్న కాడ, రోడ్డుకు ఇవతలి దిక్కు కట్టుకోనిస్తరు. మేం నిలబడ్డ కాడికి నువ్వు ఎంత దూరమున్నవో ఆ టార్పాలినే సాక్ష్యం.

ఇప్పుడు అసలు ముచ్చట. నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముంగట డాక్యుమెంట్ రైటర్‌గ బతికినోణ్ణి. మందికి బ్రోచర్ చదువుడు ఇష్టం, నాకు షెడ్యూల్ చదువుడు అలవాటు. వాళ్ళ సేల్ డీడ్ నమూనా అడిగి తీసుకొని, హోటల్ రూంల పండుకొని హద్దులు చదివిన. తూర్పు: కారిడార్. పడమర: ఓపెన్ టు స్కై. ఉత్తరం: ఓపెన్ టు స్కై. దక్షిణం: ఓపెన్ టు స్కై. మూడు దిక్కుల ఆకాశం రాసిచ్చిన్రు, ఆకాశానికి వాళ్ళ కాడ లింక్ డాక్యుమెంట్లున్నయో లేవో. నీ పేరు మాత్రం ఏడ లేదు. వ్యూ చార్జీ రసీదుల ఉన్నవు, బ్రోచర్ల ఉన్నవు, ఆ మేనేజర్ కోటు మీది బిళ్ళల గూడ ఉన్నవు. రిజిస్ట్రేషన్ చేసే కాయితంల లేవు. అటు చట్టంల గూడ నీకు దిక్కు లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కింద ఇరవై ఏండ్లు అడ్డులేకుంట అనుభవిస్తే ఇంటికొచ్చే వెలుతురు మీద, గాలి మీద హక్కు పుడుతది. చూపు మీద పుట్టది. ముంగటి జాగాయన రేపు పది అంతస్తులు లేపితే, ఆయన వంటింటి చిమ్నీకి నేను నా బాల్కనీల నుంచి దండం పెట్టుకోవాలె.

ప్రకటనల అబద్ధం చెప్పి అమ్మితే వడ్డీతోని పైసలు తిరిగియ్యాలని రెరా 12వ సెక్షన్ చెప్తది గద అంటే, బ్రోచర్ కింద దోమకాలంత అక్షరాలు చూపిచ్చిన్రు: "బొమ్మలు ఊహాచిత్రాలు మాత్రమే." అంటే నువ్వు ఊహవు, నీ చార్జీ నగదు. ప్రీ లాంచ్ ఆఫర్ల ముప్పై శాతం ముందు కట్టుమన్నరు. అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ కాకముందు పది శాతానికి మించి తీసుకోవద్దని 13వ సెక్షన్ ఉన్నది బాబూ అన్న. మేనేజర్ మా బామ్మర్ది చెవుల "సార్ అడ్వకేటా?" అని అడిగిండు. ఇగ ఆ తర్వాత మాకు చాయ్ రాలె.

మాపు పెదవాల్తేరుల మా దూరపు చుట్టం ఇంట్ల దిగినం. వాళ్ళకు నువ్వు నిజంగనే ఉన్నవు, హాలు కిటికీల నిండుగ. కిటికీ గ్రిల్లు మీద రంగు ఉబ్బి బుడిపెలు లేచినయి. నేను ఊకుండక ఒక బుడిపెను వేలితోని ఒత్తిన. పటుక్కున పగిలి ఎర్రటి పొడి రాలి చేతుల పడ్డది. ఏసీ బయటి డబ్బా ఎనుక రేకులు ముట్టుకుంటే చేతికి ఊడి వస్తున్నయి. "ప్రతి ఏడు రంగే అన్నయ్యా, గ్రిల్లుకి ఒకసారి, మా ఆయన మొహానికి ఒకసారి" అన్నది ఆమె. ఆమె మొగుడు ఇంజినీరు. సిమెంట్ కాంక్రీటుకు ఐఎస్ 456 అని పుస్తకం ఉన్నదట, తీరం గాలి తగిలే కాడ ఎం30 రకం కాంక్రీటు కంటే తక్కువ వాడొద్దు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర, ఉండాలె అని అండ్ల ఉన్నదట. మామూలు కాడ ఇరవై చాలు. తెల్లారి పోయి ఆ మేనేజర్‌ను కవర్ ఎంత పెడుతున్నరని అడిగితే, స్విమ్మింగ్ పూల్ చూపిచ్చిండు.

హుద్‌హుద్ తుఫాను ముచ్చట గూడ వాళ్ళే చెప్పిన్రు. 2014 అక్టోబర్ 12. గంటకు 185 కిలోమీటర్ల గాలి. కిటికీ అద్దం ఎంత పెద్దగుంటే అంత మంచి వ్యూ అని కొనుక్కున్న అద్దాన్ని, ఆ పూట పరుపు అడ్డంపెట్టి ఇంటిల్లిపాది పట్టుకొని నిలబడ్డరట. నిన్ను ఆ రోజు చూసినోళ్ళు స్టేటస్ పెట్టలె, కరెంటు లేదు.

మేం మునుగుడుకు భయపడేటోళ్ళం అనుకుంటవేమో. సముద్రం లేకుంటనే మునిగినోళ్ళం. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన కొట్టింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డది. నీ తమ్ముడు లేక్ వ్యూ మా ఊళ్ళెనే ఉన్నడు. ఎఫ్టీఎల్‌ల అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే జాగల, ప్లాట్లు కొట్టి ఆయన పేరు మీదనే అమ్మిన్రు. వానాకాలం వస్తే ఆయన బాల్కనీ దాక ఆగడు, సక్కగ హాల్లెకొస్తడు. వ్యూ చార్జీ గూడ లేదు.

ఓరుగల్లోళ్ళకు తీరం కొత్తేం కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల శాసనం వేయించిండు. అంతకుముందు రాజులు, గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మొత్తం గుంజుకునేటోళ్ళు. ఇగ అట్ల చెయ్యం, సుంకం తప్ప ఇంకేం ముట్టం అని ఈయన రాళ్ళ మీద చెక్కిచ్చిండు. ఆ సుంకం ముప్పైల ఒకటో వంతు. ఇప్పుడు అదే తీరంల ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ అదీ ఇదీ కలిపి ఏడున్నర శాతం. పైంగ ఆయన మాట రాళ్ళ మీద ఉన్నది, వీళ్ళ మాట బ్రోచర్ మీద ఉన్నది.

చివరికి నీ ఫైలు మూసింది నేను కాదు, చట్టమూ కాదు. మా ఇంటామె పోయేటప్పుడు చుట్టాల కోసం సకినాలు తీసుకపోయింది. డబ్బా మూత సరిగ్గ పెట్టలె. తెల్లారి తీసి చూస్తే మెత్తబడ్డయి. ఒకటి ఇరిచింది, చప్పుడు రాలె. ఇంకోటి ఇరిచింది, అదీ అంతే. డబ్బా మూసి నా దిక్కు చూసి, "సంకురాత్రికి ఇక్కడ ఎట్ల చేస్తం?" అన్నది. మా బామ్మర్ది, తేమ గుంజే మిషను, డీహ్యూమిడిఫయర్, పెట్టిస్త అక్కా అన్నడు. ఆమె వానితోని రెండు రోజులు మాట్లాడలె.

అందుకని మేమొక నిర్ణయం చేసుకున్నం. చలికాలం ఒక నెల వైజాగ్‌ల కిరాయికి ఉంటం. తుప్పు ఓనర్‌ది, రంగు ఓనర్‌ది, సొసైటీ మీటింగుల కొట్లాట ఓనర్‌ది. నువ్వు మాత్రం మాకు. ఆ నెలకు పడమటి దర్వాజయినా ఫరవాలేదని మా ఇంటామె ఒప్పుకున్నది, కిరాయింటి వాస్తు గూడ ఓనర్‌కే తగులుతదట.

అయినా నిన్ను మాతోని శాశ్వతంగ కట్టబెట్టాలని మా బామ్మర్ది పట్టు వదల్లేదు. నాకు అభ్యంతరం లేదు, ఒక్క షరతు. నువ్వు ఆధార్ కార్డు, ఇద్దరు సాక్షులతోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రా. షెడ్యూల్‌ల "తూర్పు: బంగాళాఖాతం, అడ్డు లేకుండా" అని రాయించి, వేలిముద్ర వెయ్యి. సాక్షుల కింద ఆ ముంగటి ఖాళీ జాగాయనను తీసుకురా, సంతకం పెడతడేమో చూద్దాం. డాక్యుమెంట్ నేనే రాస్త, రాతకూలి తీసుకోను. వ్యూ చార్జీ మాత్రం ఆ రోజు, ఆ కౌంటర్ కాడ, నీ చేతికే ఇస్త.

ఇట్లు,
బాలసముద్రం నివాసి,
తూర్పు దర్వాజ